ఎండకూ గాలివానకూ ఒకే ఇల్లు: పూరీ తీరవాసులకు గృహరక్షణ పాఠం

సముద్రతీరంలో నివసించే గృహస్థునికి లోపలి ఊళ్లవారికి లేని చిక్కు ఒకటి ఉన్నది. వేసవిలో ఇల్లు గాలికి తెరుచుకొని ఉండాలి. తుపానులో అదే ఇల్లు గాలికి పూర్తిగా మూసుకొనగలగాలి. ఈ రెండు అవసరాలూ ఒకే వారంలో కలిసిరావచ్చు. 2019 మే 3వ తేదీన ఫణి తుపాను పూరీ వద్ద తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు సుమారు 175 నుండి 185 కిలోమీటర్లు. పైకప్పులు ఎగిరిపోయిన తరువాత విద్యుత్తు చాలా రోజులు రాలేదు. గాలికి నిలిచిన ఇళ్లవారు సైతం పంకా లేని నడివేసవిని భరించవలసి వచ్చింది. కనుక పెంటకోట వంటి మత్స్యకార వాడలలోను, పట్టణంలోని అద్దె ఇళ్లలోను నివసించే తెలుగువారు ఈ రెండు పనులను కలిపి నేర్చుకొనుట మేలు.

1. పైకప్పు ఎందుకు లేస్తుంది?

గాలి పైకప్పును క్రిందికి నొక్కుతుందని చాలామంది భావిస్తారు. తక్కువ వాలు గల కప్పు మీదుగా గాలి వేగంగా సాగినప్పుడు అది కప్పును పైకి లాగుతుంది. ఈ లాగుడు చూరు అంచులలోను, మూలలలోను అధికం. గాలి వేగం రెట్టింపైతే దాని బలం నాలుగు రెట్లవుతుంది. గాలికి ఎదురుగా ఉన్న కిటికీ పగిలితే లోపలికి చొచ్చిన గాలి కప్పును క్రిందినుండి కూడా నెడుతుంది.

అందుచేత రేకుల మీద రాళ్లు, ఇటుకలు పేర్చుట రక్షణ కాదు. అవి జారిపడి మనుషులను గాయపరుస్తాయి. రేకు వాసానికి, వాసం దూలానికి, దూలం గోడకు, గోడ పునాదికి వరుసగా బిగిసి ఉండాలి. తెప్పను కట్టిన మోకు ఎక్కడ నలిగితే అక్కడే తెగుతుంది. ఇంటి కట్టు కూడా అంతే. కొండి బోల్టులను చూరు వెంబడి, మూలల వద్ద మరింత దగ్గరగా వేయించాలి. తాటాకు ఇళ్లకు పాత వలను పరచి, మోకులతో నేలలోని గుంజలకు బిగించుట ఉపయోగకరం.

తుపాను కన్ను ఊరి మీదుగా వెళితే గాలి కొంతసేపు ఆగి, ఎదురు దిక్కునుండి మళ్లీ వీస్తుంది. కాబట్టి కిటికీలకు పలకలు నాలుగు వైపులా సిద్ధం చేసుకోవాలి. ఆ నిశ్శబ్దాన్ని చూసి బయటికి వెళ్లరాదు.

2. వేడి ఎలా దిగుతుంది?

పగలంతా ఎండను పీల్చిన శ్లాబు రాత్రి ఆ వేడిని గదిలోనికి విడుస్తుంది. తెల్లని ఉపరితలం ఎండలో అధికభాగాన్ని వెనుకకు పంపుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించుటకు మూలం ఈ సూత్రమే. ముందుగా డాబాను ఊడ్చి, పగుళ్లు పూడ్చి, వడగట్టిన సున్నాన్ని రెండు మూడు పూతలు వేయాలి. వానలకు సున్నం కొట్టుకొనిపోతుంది గనుక ఏటా వేసవికి ముందు ఈ పని చేయాలి. తెల్ల పెంకు ముక్కలు పరిపించినచో ఎక్కువ కాలం నిలుస్తుంది.

రేకుల ఇంటిలో కప్పు క్రింద జానెడు ఖాళీ విడిచి వెదురు తడకను కట్టాలి. ఆ ఖాళీలోని వేడిగాలి బయటికి పోవుటకు రెండు చివరలా జాలీ రంధ్రాలు ఉంచాలి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మూయుటకు వాటికి తలుపులు అమర్చాలి. తడకను పొయ్యికి, విద్యుత్ తీగలకు దూరంగా ఉంచుట తప్పనిసరి.

ఆస్బెస్టాస్ రేకులను పొడిగా తొలచుట, విరుచుట, తుడుచుట ప్రమాదకరం. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. పగిలిన ముక్కలను తడిపి, మూటగట్టి తొలగించాలి.

3. ఉప్పు చేసే నష్టం

ఉప్పుగాలి ఇనుమును తినివేస్తుంది. శ్లాబులోని చువ్వ తుప్పు పట్టినప్పుడు ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. తీరప్రాంతపు గాలికి తెరిచి ఉన్న కాంక్రీటులో చువ్వలపై కనీసం 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 నిర్దేశిస్తుంది. సముద్రపు ఇసుకను గాని, ఉప్పునీటిని గాని నిర్మాణంలో వాడరాదు. బోల్టుల తుప్పును ఏటా చూడాలి. పైకి కొత్త రంగు వేసి, లోపల అరిగిన బోల్టును విడిచిపెట్టిన ఇల్లు భద్రమైనది కాదు.

4. ఏ పని ఎప్పుడు?

బంగాళాఖాతంలో తుపానులు ముఖ్యంగా వానాకాలానికి ముందు, తరువాత ఏర్పడతాయి. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాలపురం వద్ద తీరం దాటింది. కనుక ఏడాదికి రెండు తనిఖీలు అవసరం. ఫాల్గుణంలో సున్నపుపూత, బోల్టుల బిగింపు. వానలకు ముందు పగుళ్లు, నీటి తూములు. వానలు వెనుకబట్టిన వెంటనే కట్లను, కిటికీ పలకలను మరల పరీక్షించుట.

అద్దెకు ఉన్నవారు లోపాలను వ్రాసి, యజమానికి ముందుగానే తెలియజేయాలి. కప్పు బిగింపు యజమాని ఆస్తిని కూడా కాపాడుతుందని చెప్పినచో ఖర్చు పంచుకొనుటకు మార్గం ఏర్పడవచ్చు. డబ్బు కొద్దిగా ఉన్నచో ముందు కట్లు, పిదప పూత.

5. ఇల్లు విడువవలసిన వేళ

ఇంత చేసినా రేకుల ఇల్లు, తాటాకు ఇల్లు తుపాను ఆశ్రయాలు కావు. ఉప్పెన నీటిని ఏ బోల్టూ ఆపలేదు. ఫణి సమయంలో ఒడిశాలో పది లక్షలకు పైగా ప్రజలను ముందే తరలించుట వలన ఎందరో ప్రాణాలు నిలిచాయి. తరలింపు ఆదేశం రాగానే వృద్ధులను, పిల్లలను ముందు పంపాలి. వలలు, పడవల కొరకు ఒకరు వెనుక ఉండిపోవుట తగదు. ఇంటిని బిగించుట తిరిగి వచ్చినప్పుడు నీడ మిగులుటకే గాని, లోపల కూర్చుని తుపానును ఎదిరించుటకు కాదు.

అభ్యాసం

1. మీ చూరు అంచున ఎన్ని బోల్టులు ఉన్నవి? వాటిలో తుప్పు పట్టినవి ఎన్ని?
2. మీ ఇంటి రేకు నుండి పునాది వరకు కట్టు ఎక్కడ తెగియున్నది?
3. పంకా ఆగినప్పుడు మీ ఇంటిలో ఏ గది ముందుగా వేడెక్కుతుంది? ఏల?
4. మీకు సమీపమైన తుపాను ఆశ్రయానికి రాత్రివేళ, దీపాలు లేనప్పుడు, ఏ దారిన వెళ్తారు? ఇంటిల్లిపాదికీ ఆ దారి తెలుసునా?