షుగర్ బిళ్లతో క్యాన్సర్ ఆగుతుందా?

ప్రశ్న: మాది కవిటి దగ్గర పల్లె. అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషనైంది. విశాఖ దగ్గర అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రిలో కీమో ఇస్తున్నారు. షుగర్ లేదు. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వేసుకుంటే క్యాన్సర్ తిరగబెట్టదని మా బావ ఏదో వీడియో చూసి ఒక షీటు తెచ్చాడు. చవక మందే కదా, వేయొచ్చా?
- ఓ పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వద్దమ్మా. మీ బావ చెప్పింది గాలికబురేం కాదు గానీ పాతకబురు. మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగుల్లో క్యాన్సర్ తక్కువగా కనిపిస్తోందని 2005లో స్కాట్లాండ్ పరిశోధకులు రాశారు. అక్కడ మొదలైంది ఆశ. దాన్ని తేల్చడానికి షుగర్ లేని రొమ్ము క్యాన్సర్ రోగులను 3,649 మందిని తీసుకుని, సగంమందికి ఈ మందు, మిగతావారికి ఉత్తుత్తి బిళ్ల ఐదేళ్లపాటు ఇచ్చి చూశారు. 2022లో ఫలితాలొచ్చాయి: తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రొమ్ము క్యాన్సర్‌లోనే హెర్-2 అనే రకంలో కొంత మేలు కనిపించినా అదింకా రుజువు కావాలి.

పైగా మీది ఉద్దానం ప్రాంతం. అక్కడ కిడ్నీ జబ్బు పైకి తెలియకుండానే ముదురుతుంది. మెట్‌ఫార్మిన్ బయటికి పోయేది మూత్రంలోనే. కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే ఈ-జీఎఫ్ఆర్ లెక్క 30 కన్నా తగ్గినవాళ్లకు అది ఇవ్వకూడదు. ఒంట్లో పేరుకుని, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి తెస్తుంది. కీమోతో వాంతులై నీరు తగ్గిన రోజుల్లో ప్రమాదం మరీ ఎక్కువ. ఆ షీటు పక్కన పెట్టి, కిడ్నీల పనితీరు తెలిపే అమ్మ క్రియాటినిన్ రిపోర్టు డాక్టరుకు చూపించండి.

ఒక జబ్బు మందు ఇంకో జబ్బుకు పనికిరాదని కాదు. యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం క్యాన్సర్ కోసం తయారుచేసిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పుడు కీళ్లవాతానికి చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారి ఇస్తున్నారు. అయితే అది పరీక్షల్లో నెగ్గాకే కీళ్లవాతం చీటీల్లోకి ఎక్కింది.

ప్రశ్న: నాన్నకు చాన్నాళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఇప్పుడు పెద్దపేగు క్యాన్సర్ అన్నారు. బిళ్ల ఆపేయాలా, మోతాదు పెంచాలా?
- ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: రెండూ మీ అంతట మీరు చేయకండి. ఆయనకు అది షుగర్ మందే, క్యాన్సర్ మందు కాదు. కీమోతోపాటు వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథాసోన్ షుగర్‌ను పెంచుతుంది కాబట్టి ఇంట్లో గ్లూకోమీటరుతో చూసి రాసుకోండి. రంగుమందు ఎక్కించే సీటీ స్కానుకు వెళ్లినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా మెట్‌ఫార్మిన్ కొన్నాళ్లు ఆపాలా అని ముందే అడగండి. వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని క్యాన్సర్ డాక్టరు ముందు పెట్టండి; షుగర్ డాక్టరు రాసిన చీటీ ఆయన చూసే ఉంటారనుకోవద్దు.