దారి ఖర్చు రాశారా?

గాజులమ్మే అక్క జాతరలో నాలుగు రోజులు దుకాణం పెట్టింది. అమ్మకం 6,000 రూపాయలు. సరుకు కొన్నది 4,200. లాభం 1,800 అనుకుంది. సంచిలో చూస్తే 1,000 మాత్రమే ఉంది. పెనిమిటిని అనుమానించింది. ఇంట్లో గొడవ.

"అమ్మా, ఆటో డబ్బులు రాశావా?" అంది కూతురు.

రాయలేదు. రానూ పోనూ రోజుకు 200. నాలుగు రోజులకు 800.

1,800 – 800 = 1,000

లెక్క సరిపోయింది. గొడవ తీరింది.

దారి ఖర్చు కూడా వ్యాపారం ఖర్చే. ఆదాయపు పన్ను అమ్మకం మీద కాదు, లాభం మీద పడుతుంది. తక్కువ ఆదాయం ఉన్నవారికి పడదు. ఆ లెక్కలోనూ వ్యాపారం కోసం తిరిగిన ఖర్చు తీసేస్తారు. చుట్టాలింటికి వెళ్లిన ఖర్చు తీయరు.

అందుకే ఏ రోజుది ఆ రోజే రాయాలి: తేదీ, ఊరు, పని, రూపాయలు.

రాయండి: ఈ వారం మీ దారి ఖర్చు ఎంత?