వెనుక సీటు బరువు – స్ప్రింగు లెక్క

మన హాస్టల్లో చదివి ఉద్యోగంలో చేరిన అన్నల్లో చాలామంది మొదట కొనేది సెకండ్ హ్యాండ్ బండి. దాని వెనుక సీటు మీదే అమ్మ ఆసుపత్రికి, చెల్లెలు పరీక్షకు వెళ్తారు. కొనేటప్పుడు మైలేజీ ఎంత అని అడుగుతాం గానీ, గుంతలో పడినప్పుడు వెనుక కూర్చున్నవారి నడుము ఏమవుతుందని అడగం. మనం ఇంటర్ ఫిజిక్సులో చదివిన ఒక చిన్న నియమంతో ఈ సంగతి తెలుసుకుందాం.

హుక్ నియమం

1678లో రాబర్ట్ హుక్ వివరించిన నియమం ఇది: హద్దు దాటనంతవరకు స్ప్రింగు మీద పడే బలాన్ని బట్టే అది సాగడం గానీ కుంగడం గానీ జరుగుతుంది. అంటే, బలం = స్ప్రింగు స్థిరాంకం × కుంగిన పొడవు.

ఒక ఉదాహరణ చూద్దాం. వెనుక రెండు షాక్ అబ్జార్బర్లు ఉన్న బండి అనుకుందాం. ఒక్కో స్ప్రింగును 1 మి.మీ. కుంగదీయడానికి 20 న్యూటన్లు కావాలనుకుందాం. వెనుక కూర్చున్న మనిషి 60 కిలోలు. బలం 60 × 9.8 = 588 న్యూటన్లు. అది మొత్తం వెనుక చక్రం మీదే పడుతుందనుకుంటే, ఒక్కో స్ప్రింగుకు 294. కుంగుదల 294 ÷ 20, అంటే సుమారు 15 మి.మీ. ఇది బండి కదలకుండా ఉన్నప్పటి లెక్క. గుంతలో పడినప్పుడు బలం ఇంకా పెరుగుతుంది. కుంగడానికి చోటు మిగలకపోతే ఆ దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. పైగా వెనుక భాగం కుంగితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ పట్టు తగ్గుతుంది. హెడ్‌లైటు పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడుతుంది.

ఖర్చు లేని మార్పు

స్ప్లెండర్ వంటి బండ్ల షాక్ అబ్జార్బర్‌కు మెట్లున్న కాలర్ ఉంటుంది. సెంటర్ స్టాండ్ వేసి, తగిన స్పానరుతో ఆ కాలర్‌ను పై మెట్టుకు తిప్పితే స్ప్రింగు ముందే కొంత నొక్కుకుంటుంది. దీనివల్ల స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అంటారు. అది సరికాదు. స్థిరాంకం మారదు, బండి ఎత్తు మారుతుంది. 10 మి.మీ. ముందే నొక్కితే పై 15 మి.మీ. కుంగుదలలో 10 మి.మీ. తిరిగి వస్తుంది. రెండు వైపులా ఒకే మెట్టు ఉండాలి. ఒక్కరమే తిరిగే రోజుల్లో మళ్లీ కిందికి దించాలి. ఇద్దరు ఎక్కినప్పుడు వెనుక టైరులో గాలి ఎంత ఉండాలో బండి పుస్తకంలో చూసుకోవాలి.

ఎప్పుడు మార్చాలి?

స్ప్రింగు ఒక్కటే ఉంటే బండి ఊగుతూనే ఉంటుంది. లోపల ఆయిలు సన్నని రంధ్రాల గుండా వెళ్తూ ఆ ఊపును వేడిగా మార్చి ఆపుతుంది. వెనుక సీటును గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలిచిపోతే మంచిదే. రెండు మూడుసార్లు ఊగినా, రాడ్డు మీద ఆయిలు తడి కనిపించినా షాక్ అబ్జార్బర్లు మార్చాలి. ముందుగా స్వింగ్ ఆర్మ్ బుష్‌లు చూపించాలి. అవి అరిగి ఉంటే కొత్తవి వేసినా బండి పక్కలకు ఊగుతుంది.

మార్చేటప్పుడు ఎప్పుడూ జతగానే, అదే పొడవువి వేయాలి. గట్టి స్ప్రింగు మాత్రం వేసి పాత డ్యాంపర్ ఉంచితే, ఆ స్ప్రింగు ఎగిరే బలాన్ని అది ఆపలేదు. వెనుక మనిషి సీటు మీద నుంచి ఎగిరిపడతాడు. రోజూ ఇద్దరు తిరిగేవారికి నైట్రోజన్ వాయువు నింపినవి మేలు. ఆ ఒత్తిడి వల్ల గతుకుల్లో ఆయిలు నురగ కట్టడం తగ్గుతుంది.

ఏ షాక్ అబ్జార్బర్ వేసినా ముగ్గురెక్కడానికి అది అనుమతి కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను ప్రకారం నడిపే మనిషి వెనుక ఒక్కరే కూర్చోవాలి.

తమ్ముళ్లారా, మనం మార్కుల కోసం బట్టీ పట్టిన సూత్రం ఇంటి ముందున్న బండిలోనే ఉంది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ కాలర్ ఏ మెట్టు మీద ఉందో ఒకసారి చూడండి. అమ్మను ఎక్కించుకునే ముందు సరిచేయండి.