వద్దనే వస్తువులు



ఈమధ్య కొన్న కారులో బెల్టు పెట్టుకోకుండా కూర్చొని బయలుదేరి చూడండి. బండి ఊరుకోదు. పెట్టుకునేంతవరకు కీచుమని అరుస్తూనే ఉంటుంది. కొత్త మోటారు సైకిళ్లు చాలావాటిలో పక్క స్టాండు తీయకుండా గేరు వేస్తే ఇంజను ఆగిపోతుంది. కొన్ని ఏ.టి.ఎం.లలో ముందు కార్డు తీసుకుంటేగాని నోట్లు బయటికి రావు, డబ్బు చేతిలో పడిన సంతోషంలో మనిషి కార్డును మరచిపోతాడని. వెనుకటి రోజుల్లో మనం పొరపాటు చేయబోతే పక్కనున్న పెద్దలు "వద్దురా" అనేవారు. ఇప్పుడు ఆ మాట వస్తువు అంటున్నది. ఇటువంటి వస్తువుల వల్ల మనిషి బాగుపడతాడా, లేక కేవలం కట్టుబడతాడా? అసలు అవి ఎవరిని కట్టివేస్తున్నాయి? ఈ వారం ఈ రెండు ప్రశ్నలను ఆలోచిద్దాం.

మొదటి ప్రశ్నకు కారు బెల్టే మంచి ఉదాహరణ. 2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నిటికీ బెల్టు హెచ్చరిక, వేగం హెచ్చరిక తప్పనిసరి చేశారు. వేగం 80 కిలోమీటర్లు దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆపకుండా మోగాలన్నది నియమం. మరి మనవాళ్లేం చేశారు? బెల్టు కొక్కెం దూరే సందులో పెట్టడానికి ఒక చిన్న ఇనుప ముక్క కొన్నారు. అది పెడితే బెల్టు పెట్టుకున్నారనుకొని బండి నోరు మూసుకుంటుంది. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు వెనుక సీటులో బెల్టు లేకుండా ప్రయాణిస్తూ మహారాష్ట్రలో ప్రమాదంలో మరణించిన తరువాత ఈ సంగతిపై దేశమంతా చర్చ జరిగింది. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ వ్యాపార సంస్థలపై ఉత్తర్వులు ఇచ్చింది. వాటి నుంచి తొలగించిన ఆ ఇనుప ముక్కల ప్రకటనలు 13,118. తన ప్రాణాన్ని కాపాడే కేకను ఆపడానికి చేతి డబ్బు ఖర్చు పెట్టుకునే ప్రాణి మనిషి ఒక్కడే!

ఇది మన దేశపు జబ్బు మాత్రమే అనుకోకండి. అమెరికాలో 1974వ సంవత్సరపు కార్లను బెల్టు పెట్టుకోకపోతే అసలు స్టార్టు కాకుండా తయారు చేశారు. ముందు సీటులో కూరగాయల సంచి పెట్టినా, దానిని మనిషి అనుకొని బెల్టు అడిగేది. జనం మండిపడ్డారు. ఆ ఏడాది అక్టోబరులోనే అక్కడి పార్లమెంటు ఆ ఏర్పాటును చట్టం ద్వారా తీసివేసింది. హెచ్చరిక కూత సైతం 8 సెకన్లకు మించి తప్పనిసరి చేయరాదని రాసింది.

కాబట్టి వస్తువు మనసును మార్చదు అని తేల్చివేద్దామా? తొందరపడవద్దు. పునీత తోమాస్ అక్వినాస్ చట్టాల అవసరం గురించి రాస్తూ ఇదే విషయాన్ని విచారించారు. మంచి మాటకు లొంగనివారిని బలంతోనో భయంతోనో చెడు నుంచి ఆపవలసి వస్తుందనీ, దానివల్ల కనీసం ఇతరులు ప్రశాంతంగా ఉంటారనీ, అలా ఆగడం అలవాటై, మొదట భయంతో చేసినదానిని తరువాత ఇష్టంతో చేసే స్థితి రావచ్చుననీ ఆయన వాదన. ఇందులో "కనీసం ఇతరులు ప్రశాంతంగా" అన్న భాగాన్ని మనం సాధారణంగా వదిలేస్తాం. నిజానికి అదే ముఖ్యం. తన ప్రాణం విషయంలో మనిషిని యంత్రం ఎంత బలవంతపెట్టాలన్నది వాదించుకోవచ్చు. ఇతరుల ప్రాణం, ఇతరుల హక్కు విషయంలో ఆ వాదనకు చోటు తక్కువ.

ఇక రెండవ ప్రశ్న. వస్తువు ఎవరి చేతిని పట్టుకుంటున్నది?

మన దేవాలయాలలోనే ఒక పాత వస్తువున్నది. పాపసంకీర్తనం వినే గురువుకూ, చెప్పుకొనే వారికీ మధ్య ఉండే జాలీ పలక. మిలాను అగ్రపీఠాధిపతి పునీత చార్లెస్ బొరోమియో దేవాలయ నిర్మాణంపై 1577లో వెలువరించిన సూచనలలో దాని కొలతలు, అమరిక వివరించారు. చూపుకూ చేతికీ అడ్డుగా, మాటకు మాత్రం దారిగా ఉండే పలక. అప్పట్లో ఆ స్థానాన్ని దుర్వినియోగం చేసిన గురువులున్నారు కనుకనే అది అవసరమైంది. ఇక్కడ గమనించవలసినది ఏమంటే, ఆ పలక ముందుగా కట్టిపెట్టినది అధికారం ఉన్నవాడిని. మోకరించి ఉన్న సామాన్య స్త్రీకి అది రక్షణ. గురువును గౌరవించడం వేరు, గురువు చేతికి అడ్డు పెట్టడం వేరు. రెండూ ఒకే మందిరంలో ఉండవచ్చునని తిరుసభ 400 ఏండ్ల క్రితమే ఒప్పుకున్నది.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. రామగిరి, పెనుకొండ, ధర్మవరం వైపు పెద్దలకు రిగ్గింగు అన్న మాట వివరించనక్కరలేదు. ముఠా కక్షలు రాజ్యమేలిన రోజుల్లో రాయలసీమలో పోలింగు అంటే ఏమిటో వారికి తెలుసు. కాగితపు బ్యాలెట్టులో ఒక సౌకర్యం ఉండేది, దొంగలకు. పదిమంది బూతులోకి దూరితే బ్యాలెట్ల కట్టను తలా కొన్ని పంచుకొని ఒకేసారి ముద్రలు గుద్దవచ్చు. ఎన్ని చేతులుంటే అంత వేగం. పోలీసులు వచ్చేసరికి పెట్టె నిండిపోయేది. ఓటరు వెళ్తే "నీ ఓటు పడిపోయింది, ఇంటికి పో" అనేవారు.

ఈ జబ్బుకు మందు వేసిన యంత్రం మన హైదరాబాదులోనే పుట్టింది. 1977లో ఎన్నికల సంఘం ఈ ఆలోచన చేయగా, ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1979లో నమూనా తయారు చేసింది. 1982లో కేరళలోని పరూరు నియోజకవర్గంలో 50 బూతుల్లో వాడారు. చట్టంలో చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి యంత్రానికి చోటు కల్పించారు. బూతు ఆక్రమణను ప్రత్యేక నేరంగా చేర్చింది కూడా ఆ సవరణే. ఒకే సవరణలో ఒక పక్క శిక్ష, ఒక పక్క యంత్రం! 2004 ఎన్నికల నాటికి దేశంలోని అన్ని బూతులకూ యంత్రాలు వచ్చాయి. ఆ ఏడాది మన శాసనసభ ఎన్నికలు కూడా వాటితోనే జరిగాయి.

యంత్రం పనిచేసే తీరు చూడండి. పోలింగు అధికారి తన దగ్గరున్న మీట నొక్కితేనే ఓటరు ముందున్న పెట్టె మేలుకుంటుంది. ఒక్క ఓటు తీసుకుని మళ్లీ నిద్రపోతుంది. ఆ తరువాత ఎన్నిసార్లు గుద్దినా పలకదు. పైగా నిమిషానికి ఐదు ఓట్లకు మించి తీసుకోదని ఎన్నికల సంఘం చెప్పేది, తరువాతి వివరణలలో నాలుగు అన్నది. ఐదే అనుకుందాం. వెయ్యి ఓట్ల బూతును దోచుకోవాలంటే 200 నిమిషాలు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు అక్కడే నిలబడాలి. పదిమంది ఉన్నా, వందమంది ఉన్నా అదే లెక్క. కత్తులతో, బాంబులతో వచ్చినవాడు కూడా ముసలమ్మ వేగంతోనే ఓటు వేయాలి. ఈలోగా అధికారి ముగింపు మీట నొక్కితే యంత్రం ఇక ఏ ఓటునూ తీసుకోదు. దోపిడీని అసాధ్యం చేయలేదు, ఆలస్యం చేసింది. పోలీసులు వచ్చేదాకా కాలాన్ని సంపాదించి పెట్టింది. నాకు తెలిసినంతలో బలవంతుడిని వరుసలో నిలబెట్టిన వస్తువు ఇంతకంటే మేలైనది లేదు.

అయినా దానికీ హద్దున్నది. 2024 మే 13న పల్నాడు జిల్లా మాచర్ల నియోజకవర్గంలో ఒక బూతులో ఓటింగు యంత్రాన్ని ఎత్తి నేలకేసి కొట్టిన దృశ్యాన్ని కెమెరాలో దేశమంతా చూసింది. తొందరపెట్టడానికి వీలులేని యంత్రాన్ని పగలగొట్టడానికి వీలుంటుంది. అప్పుడు మళ్లీ మనుషులే రావాలి.

ఇక మూడో యంత్రం మరీ దగ్గరిది. స్టోరులో వేలిముద్ర తీసుకునే ఈ-పాస్ మిషను. మన రాష్ట్రంలో 2015లో ప్రవేశపెట్టారు. కార్డుదారులు రాకుండానే వచ్చినట్టు రాసుకొని బియ్యం దారి మళ్లించే డీలరు చేతికి అది సంకెల. ఉద్దేశం మంచిది, దొంగ లెక్కలకు అది గట్టి దెబ్బ కూడా. కాని డీలరు కోసం చేసిన సంకెల ఒక్కోసారి అవ్వ చేతికి పడింది. ఏండ్ల తరబడి శెనక్కాయ చెట్లు పీకి, రాళ్లు మోసి, అంట్లు తోమి అరిగిపోయిన వేళ్లు ఆమెవి. మిషను గాజుపై ఎన్నిసార్లు అదిమినా ఆ వేళ్లను గుర్తించదు. ఎంత ఎక్కువ కష్టపడిన చేయి అయితే యంత్రం దృష్టిలో అంత అనుమానపు చేయి! బియ్యం ఎవరికోసం ఉన్నదో వారినే ఆపుతున్నది.

ఇక్కడ అరిస్టాటిల్ చెప్పిన మాట పనికివస్తుంది. చట్టం అందరికీ ఒకటిగా రాయబడుతుంది, జీవితం అందరికీ ఒకటిగా ఉండదు. ఆ తేడా వచ్చిన చోట చట్టాన్ని సరిదిద్దే న్యాయబుద్ధి కావాలని ఆయన తన నీతిశాస్త్ర గ్రంథంలో రాసి, లెస్బోస్ దీవి మేస్త్రీల పనిముట్టును పోలికగా తెచ్చారు. వారి కొలబద్ద సీసంతో చేసినది. రాయి ఎట్లా ఉంటే అట్లా వంగి కొలుస్తుంది. ఇనుప బద్ద వంకర రాయిని పారవేయమంటుంది. మిషను ఇనుప బద్ద. దాని పక్కన ఒక సీసపు బద్ద ఉన్నదా లేదా అన్నదే దాని మంచిచెడులను తేలుస్తుంది. మన రాష్ట్రంలో ఆ బద్ద కొంత పెట్టారు. వేలిముద్ర పడనివారికి వి.ఆర్.ఓ. తన ముద్ర వేసి సరుకులు ఇప్పించే వెసులుబాటు కల్పించారు, కంటిపాపను చదివే పరికరాలు తెచ్చారు. ఓటింగు యంత్రం విషయంలో కూడా, చూపులేనివారికోసం 2004లో ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో బ్రెయిలీ గుర్తులున్న యంత్రాలను ప్రయోగించి చూశారు.

సీసపు బద్ద పెట్టని చోటూ ఉన్నది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన పాత అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. దొంగ మస్టర్లను అరికట్టడానికి కూలీల ఫోటోను రోజుకు రెండుసార్లు ఫోనులో తీసి పంపాలని 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. కొలతల ప్రకారం పని త్వరగా ముగించుకున్న ఆడకూలి రెండో ఫోటో కోసం ఎండలో కాచుకోవాలి. కొండ పక్కన సిగ్నలు అందకపోతే కూలి పోతుందేమోనని భయం. మరి దొంగ ఆగాడా? ఫోటోను ఫోటో తీసి పంపుతున్నారని, పనికి సంబంధంలేని చిత్రాలు ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. కారు బెల్టు సందులో ఇనుప ముక్క పెట్టిన బుద్ధే ఇదీ. తేడా ఏమంటే, అక్కడ ముక్క పెట్టినవాడే నష్టపోతాడు. ఇక్కడ నష్టం నిజాయితీగా వచ్చిన కూలిది.

ఈ పాఠం చదివిన తరువాత చేయగలిగిన పని ఒకటున్నది. 2025 జూన్ 1 నుంచి మన రాష్ట్రంలో బియ్యం మళ్లీ స్టోరులలోనే ఇస్తున్నారు. 65 ఏండ్లు దాటినవారికి, వికలాంగులకు ఇంటికే తెచ్చి ఇవ్వాలన్నది ఏర్పాటు. మీ వీధిలో అట్లాంటి అవ్వ, తాత ఎవరైనా ఉంటే నెల మొదటి వారంలో ఒకసారి వెళ్లి, సరుకులు ఇంటికి వచ్చాయా అని అడగండి. రాకపోతే వారి కార్డు తీసుకొని డీలరు దగ్గరికి వారితోపాటు నడవండి. అక్కడా కాకపోతే సచివాలయంలో చెప్పించండి, లేదా 1967కు ఫోను చేయించండి. ఫోనులో కార్డు నంబరు అడుగుతారు కనుక దగ్గర ఉంచుకోవడం మంచిది.