అమ్మానాన్నలతో అనురాధపురం: పల్నాటి ఇళ్ళకు కొన్ని చిట్కాలు

పాత కట్టడాలంటే ఇష్టపడే అమ్మనో నాన్ననో మొదటిసారి దేశం దాటించాలంటే, రోమ్, ఈజిప్టుల కంటే ముందు శ్రీలంక సంగతి ఆలోచించండి. ప్రయాణం చిన్నది, మూడు పూటలా అన్నం దొరుకుతుంది. పైగా అక్కడి అనురాధపురం శిథిలాలకూ మన కృష్ణ ఒడ్డుకూ పాత చుట్టరికం ఉంది.

1. ముందు నాగార్జునకొండ చూపించండి. మాచర్ల మీదుగా విజయపురి సౌత్ వెళ్ళి లాంచీ ఎక్కాలి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. 3వ శతాబ్దంలో ఇక్కడున్న ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో సింహళ విహారం, అంటే లంక భిక్షువుల విహారం, ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక అక్కడ బోధివృక్షానికి మందిరం కట్టించినట్టు ఆవిడ శాసనంలోనే ఉంది. నాగార్జునకొండ విహారాల్లో మెట్ల ముందు పరిచిన అర్ధచంద్ర శిలలను బాగా చూడమనండి. అనురాధపురంలో అవే మళ్ళీ కనిపిస్తే పెద్దవాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. మోకాళ్ళ సంగతి కూడా ఆరోజే తేలిపోతుంది. కొండ మీదా, దగ్గర్లోని అనుపులోనూ కలిపి ఎంతసేపు నడవగలిగారో చూసి, లంకలోనూ రోజుకు అంతే పెట్టుకోండి. ఒక్క అడుగు కూడా ఎక్కువ వద్దు.

2. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా రాయించండి. మనవాళ్ళ కాగితాల్లో ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు ఉంటాయి. ఆధార్‌తో సరిచూసుకున్నాకే దరఖాస్తు పెట్టండి. 60 దాటినవాళ్ళకు కొత్త పాస్‌పోర్టు ఫీజులో 10 శాతం తగ్గింపు ఉంది. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు మిగలాలి. లంకకు కావలసిన ఈటీఏ అనే ప్రయాణ అనుమతిని వాళ్ళ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే తీసుకోండి, దళారుల జోలికి పోవద్దు.

3. ముహూర్తం కాదు, పున్నమి చూడండి. అక్కడ ప్రతి పున్నమీ సెలవే. ముఖ్యంగా జూన్‌లో వచ్చే పొసొన్ పున్నమికి అనురాధపురం, దాని దగ్గరి మిహింతలె జనంతో కిక్కిరిసిపోతాయి కాబట్టి ఆ రోజులు తప్పించండి.

4. వీల్‌చెయిర్ కావాలని టికెట్ కొన్నప్పుడే అడగండి. "నాకెందుకురా, నేను నడవలేనా" అంటారు. అననివ్వండి. విమానాశ్రయంలో క్యూలు తప్పుతాయని చెబితే ఒప్పుకుంటారు. కొలంబోలో దిగాక అనురాధపురానికి కారులో దాదాపు నాలుగు గంటలు పడుతుంది. దిగిన రోజు ఇంకే పనీ పెట్టుకోవద్దు.

5. మందులు చేతిసంచిలోనే ఉండాలి. డాక్టరు చీటీ, మందు అసలు పేరు రాసిన కాగితం కూడా పెట్టండి. ఇన్సులిన్‌ను లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడవచ్చు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు బీపీ, షుగర్ దాచకండి. దాస్తే ఆ బీమా అక్కరకు రాదు.

6. తిండికి బెంగ లేదు. వాళ్ళ పరిప్పు మన పప్పే. కానీ శాకాహారులు ఒక్కటి గుర్తుంచుకోవాలి: పోల్ సంబోల్ అనే కొబ్బరి పచ్చడిలో, కొన్ని కూరల్లో కూడా ఎండుచేప పొడి కలుపుతారు. దాన్ని ఉంబలకడ అంటారు. ఆ మాట నేర్చుకుని, "అది వెయ్యొద్దు" అని ముందే చెప్పండి. గోంగూర పచ్చడి సీసా చేతిసంచిలో పెడితే తనిఖీలో పోతుంది. లగేజీలో పెట్టండి, లేదా కారప్పొడితో సర్దుకోండి.

7. సాక్సులు మరవద్దు. స్థూపాల ఆవరణలోకి చెప్పులు, టోపీలతో వెళ్ళనివ్వరు. మధ్యాహ్నం ఆ బండలు కాలిపోతుంటాయి. తెల్లవారగానే ఒకసారి, సాయంత్రం నాలుగు తర్వాత ఇంకోసారి చూడండి. భుజాలు, మోకాళ్ళు కప్పే లేతరంగు బట్టలు మేలు. బుద్ధవిగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగడం అక్కడ పెద్ద తప్పు.

8. ఒక్కటే చూసే ఓపిక ఉంటే జేతవనారామం చూపించండి. మహాసేన రాజు మొదలుపెట్టిన ఈ ఇటుకల స్థూపం ఒకప్పుడు 122 మీటర్లు ఉండేది. మన సాగర్ డ్యాం ఎత్తు 124. ఇప్పుడు మిగిలింది 71 మీటర్లే అయినా, ఎదుట నిలబడితే మాట రాదు. టికెట్ దగ్గర పాస్‌పోర్టు చూపించండి, సార్క్ దేశాలవాళ్ళకు సగం ధరే.

9. సిగిరియ కూడా వెళ్తే, ఆ బండకు దాదాపు 1,200 మెట్లు. పిల్లలు ఎక్కుతుంటే పెద్దవాళ్ళను కింద బెంచీ మీద కూర్చోబెట్టి పోవడం చాలామంది చేసే పనే, అది బాగోదు. కింద నీటి తోటలున్నాయి, మ్యూజియం ఉంది. ఎవరో ఒకరు వాళ్ళతోనే ఉండి అవి చూపించండి.