విద్యుత్ కారు: రైతు ఎప్పుడు కొనవలెను, ఎప్పు డాగవలెను?

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల సంఘసభ్యులు మమ్ము తఱచుగా నడుగుచున్న ప్రశ్న యొకటి గలదు. “పెట్రోలు ఖర్చు భరింపలేకున్నాము. కరెంటు కారు కొనవచ్చునా? కొన్నచో ఇప్పుడే కొనవలెనా, కొంతకాల మాగవలెనా?” అని వా రడుగుచున్నారు. దీనికి ఔననిగాని కాదనిగాని ఒక్కమాటలో జవాబు చెప్పుట తగదు. నేల స్వభావ మెఱుగక విత్తనము చెప్పలేము గదా. అట్లే, మీరు దినమునకెంత దూరము తిరుగుదురో, కొను సొమ్మెక్కడినుండి వచ్చునో, రాత్రి బండి నెచ్చట నిలుపుదురో తెలియక బండిమాటయు చెప్పలేము. కావున ఎవరి లెక్క వారు వేసికొను పద్ధతిని ఈ పాఠమున వివరించుచున్నాము. కాగితము, పెన్సిలు చెంత నుంచుకొని చదువుడు.

1. బండి స్వభావము

విద్యుత్ కారు నేటి వింత కాదు. 1900 ప్రాంతమున అమెరికా పట్టణములలో ఇట్టి బండ్లు విరివిగా తిరిగెను. పెట్రోలు చౌకయగుటయు, 1912లో చేతితో త్రిప్పనక్కరలేని స్టార్టరు పెట్రోలు కార్లకు వచ్చుటయు వానిని వెనుకబెట్టినవి. మన పొరుగుననున్న బెంగుళూరులో చేతన్ మైని మొదలగువారు తయారుచేసిన ‘రేవా’ యను చిన్న విద్యుత్ కారు 2001లో అమ్మకమునకు వచ్చినది. తరువాత లిథియము బ్యాటరీల ధర 2010 మొదలు నూటికి సుమారు 90 వంతులు తగ్గుటచే, ఇప్పుడు పలు కంపెనీలు ఇట్టి కార్లను అమ్ముచున్నవి.

బావిమీది ఆయిల్ ఇంజను తీసి కరెంటు మోటారు బిగించిన రైతునకు ఈ బండి సంగతి సగము తెలిసినట్లే. ఇంజను, ఇంజను ఆయిలు, క్లచ్చి ఇందులో లేవు. బ్యాటరీయే తొట్టి, యూనిట్లే నీళ్లు. చిన్న కారు తొట్టిలో 17 మొదలు 24 యూనిట్లు, కొంచెము పెద్ద కారులో 30 మొదలు 45 యూనిట్లు పట్టును. ఒక్క యూనిటుతో చిన్న కారు ఏడు కిలోమీటర్లు పోవు ననుకొందము. ఛార్జి చేయునపుడు కొంత విద్యుత్తు వేడిగా పోవును గనుక, మీటరులో తిరిగిన యూనిటుకు ఆరు కిలోమీటర్లే లెక్కించుట క్షేమము.

2. ఖర్చు లెక్క

దినమునకు 60 కిలోమీటర్ల చొప్పున ఏటికి 300 దినములు తిరుగు రైతును తీసికొందము. ఏటికి 18,000, నెలకు 1,500 కిలోమీటర్లగును.

పెట్రోలు కారు లీటరుకు 16 కిలోమీటర్లు పోయినచో నెలకు సుమారు 94 లీటర్లు కావలయును. లీటరు 110 రూపాయల చొప్పున రమారమి 10,300 రూపాయలగును.

విద్యుత్ కారునకు నెలకు 250 యూనిట్లు కావలయును. ఇచట సభ్యులు పొరపడు స్థల మొకటి గలదు. ఇంటి కరెంటు యూనిటు మూడు రూపాయలే గదా యని కొందరు 250ని మూడుతో గుణించుచున్నారు. అది సరికాదు. వాడుక పెరిగినకొలది పై శ్లాబు రేటు పడును. మన రాష్ట్రమున 2022లో నిర్ణయించిన గృహ రేట్లు ఇట్లున్నవి: మొదటి 30 యూనిట్లకు రూ. 1.90, 31 మొదలు 75 వరకు రూ. 3.00, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6.00, 400 వరకు రూ. 8.75, ఆపైన రూ. 9.75. మీ బిల్లుమీద నున్న రేట్లతో వీనిని సరిచూచుకొనుడు.

ఇంటికి 100 యూనిట్లు వాడినపుడు బిల్లు సుమారు రూ. 305. కారునకు మఱి 250 చేరి 350 యూనిట్లయినపుడు సుమారు రూ. 2,111. అనగా కారు పాలు రూ. 1,806, యూనిటుకు రూ. 7.20 పడినది. సర్దుబాటు రుసుములు మొదలగునవి కలిపి నెలకు రూ. 2,200 అనుకొందము.

పెట్రోలునకు 10,300, విద్యుత్తునకు 2,200. కిలోమీటరుకు మిగులు అయిదు రూపాయలకు పైగా నున్నది. జాగ్రత్తకొఱకు మేము అయిదు రూపాయలనే పట్టుచున్నాము.

3. అప్పుపై కొనువారి లెక్క

ఒకే పరిమాణముగల పెట్రోలు కారుకంటె విద్యుత్ కారు మూడు లక్షల రూపాయ లెక్కువ యనుకొందము. ఈ అంతరము స్థిరమైనది కాదు. విద్యుత్ కార్లపై జి.యస్.టి. నూటికి 5 మాత్రమే; చిన్న పెట్రోలు కార్లపై 2025 సెప్టెంబరు 22 మొదలు నూటికి 18కి తగ్గినది. కావున రెండు బండ్ల ధరలను రోడ్డుపైకి వచ్చునప్పటి మొత్తముగా, ఒకే దినమున విచారించి వ్రాసికొనుడు.

మూడు లక్షలను అయిదుతో భాగించిన 60,000 కిలోమీటర్లు వచ్చును. ఏటికి 18,000 తిరుగువానికి మూడేండ్ల నాలుగు నెలలలో అంతరము తీరును. ఆ మూడు లక్షలు నూటికి 10 వడ్డీకి తెచ్చినదైనచో, మొదటియేట 90,000 మిగులులో 30,000 వడ్డీకి పోవును. అయినను నాలుగేండ్ల మూడు నెలల ప్రాంతమున ఆ బాకీ తీరిపోవును. బ్యాటరీకి కంపెనీలు సాధారణముగా ఎనిమిదేండ్లు లేక 1,60,000 కిలోమీటర్లు పూచీ యిచ్చుచున్నవి గనుక, ఇట్టి రైతునకు బండి లాభకరమే.

ఇప్పుడు దినమునకు 20 కిలోమీటర్లకు మించి తిరుగని రైతును చూడుడు. ఏటికి సుమారు 7,000 కిలోమీటర్లు, మిగులు 35,000. అందులో 30,000 వడ్డీకే పోవును. చేతనుండునది అయిదువేలు. అసలు తరుగునా? ఎనిమిదేండ్ల పూచీ ముగియువఱకును తీరదు. పెట్రోలు బంకువానికిచ్చిన సొమ్మును బ్యాంకున కిచ్చుచుండుటయే యగును. ఇట్టివాడు తన పాత బండిని చక్కగా చూచుకొని నడుపుటయే మేలు. బ్యాటరీల ధర తగ్గుచు వచ్చినది గనుక ఆగుటచే వానికి నష్టము లేదు.

4. ఒక పంట సొమ్ముతో బండి కొనవలదు

మదనపల్లె టమోటా మార్కెట్టు సంగతి మీకు చెప్పనక్కరలేదు. 2023 జూలైలో అచ్చట కిలో టమోటా నూరు రూపాయలు దాటినది. కిలో నాలుగైదు రూపాయలకు కూడ కొనువారు లేక రోడ్డుప్రక్కన పారబోసిన దినములును అదే మార్కెట్టు చూచినది. నెలకు పన్నెండు వేల వాయిదా అయిదేండ్లు కట్టవలసి యున్నపుడు, ఒక్క మంచి కాపును చూచి సంతకము చేయుట అపాయము. టమోటా ధర పడిపోవచ్చును గాని, వాయిదా తగ్గదు.

మేము చెప్పు నియమ మిది: బోరు మరమ్మతునకు, విత్తనములకు, పిల్లల చదువునకు వలసినది ప్రక్కన పెట్టిన పిదపను, వరుసగా మూడేండ్ల సగటు ఆదాయమునుండి వాయిదా చెల్లించగలిగినవాడే అప్పుపై కారు కొనవలయును. మూడేండ్లలో చెడ్డయేడు తప్పక కలిసియుండవలెను. మన సీమలో చెడ్డయేడు లేని మూడేండ్లు అరుదు. పాలసొమ్ము పదునైదు దినముల కొకమారు వచ్చు కుటుంబమునకు ఈ విషయమున కొంత ధైర్యమెక్కువ.

5. దూరములును కనుమలును

అమ్మువారు ‘ఒక్క ఛార్జికి 250 కిలోమీటర్లు’ అని చెప్పినచో, మన రోడ్లపై మనుష్యులతో, సామానుతో, ఏ.సి.తో మూడింట రెండు వంతులే నమ్ముడు. అనగా సుమారు 165. పుంగనూరునుండి మదనపల్లె సుమారు 30 కిలోమీటర్లు. పోయివచ్చుటకు చింతలేదు. పుంగనూరునుండి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పము సుమారు 80; పోయి రాగా 160. ఇది అంచునకు వచ్చినది. కుప్పమున గంటసేపైన ఛార్జి పెట్టవలయును. మదనపల్లెనుండి బెంగుళూరు సుమారు 120. తిరుగు ప్రయాణమునకు నడుమ ఛార్జి తప్పదు.

మన సీమ ఎత్తైనది. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. తిరుపతి 160 మీటర్ల ప్రాంతము. భాకరాపేట కనుమ దిగునపుడు మోటారే బ్రేకుగా మారి కొంత విద్యుత్తును బ్యాటరీకి తిరిగి యిచ్చును. వచ్చునపుడు ఆ 500 మీటర్ల పైయెత్తు ఎక్కుటకే సుమారు రెండు యూనిట్లు అదనముగా ఖర్చగును. అనగా పదునాలుగు కిలోమీటర్ల దూరము తగ్గినట్లు. పలమనేరునుండి చిత్తూరునకు మొగిలి కనుమమీదుగా పోవువారును ఇట్లే లెక్కించుకొనవలెను. తొట్టిలో అయిదవవంతు మిగులుండగనే ఇల్లు చేరునట్లు ప్రయాణము చూచుకొనుడు.

6. ఇంటివద్ద ఛార్జి చేయుట

మొదటి మాట: బావి మోటారునకు వచ్చు ఉచిత విద్యుత్తుతో కారు ఛార్జి చేయరాదు. అది సేద్యమునకై యిచ్చినది. వేరు పనికి వాడుట 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద అనధికార వాడుక యగును. జరిమానా యటుండనిండు, ఒక్కరి పని మూలమున ఊరి రైతులందరి మోటార్లపై అనుమానము పడును.

రెండవది: 15 లేక 16 ఆంపియర్ల సాకెట్టునుండి గంటకు సుమారు మూడు యూనిట్లు ఎక్కును. 24 యూనిట్ల బ్యాటరీ నిండుటకు ఎనిమిది తొమ్మిది గంటలు పట్టును. రాత్రి తగిలించిన తెల్లవారుసరికి సిద్ధము. పల్లెయిండ్లకు మంజూరైన లోడు పెక్కుచోట్ల ఒక్క కిలోవాటే. ముందుగా విద్యుత్ కార్యాలయమున లోడు పెంచుకొనుడు. కారునకు ప్రత్యేక మీటరు పెట్టించిన ఖర్చు తగ్గునేమో అచ్చటనే విచారింపుడు.

మూడవది ఎర్తింగు. దీనిని తేలికగా తీసికొనవలదు. మన గరుసునేలలు, ఎఱ్ఱనేలలు వేసవిలో ఎండినపుడు ఎర్తు కడ్డీ పనిచేయదు. అపుడు బండి ఛార్జి తీసికొనకపోవుటయే గాక, మనిషికి షాకు తగులు భయము గలదు. ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేయించి, వేసవిలో వారమునకొకమారు రెండు బిందెల నీళ్లు పోయుడు. పొడుగు వైరు లాగి ఛార్జి పెట్టవలదు. గడ్డివామి ప్రక్కన, పశువుల కొట్టములో బండి నిలుపవలదు.

7. ఇంటికప్పుపై సూర్యుడు

2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున మూడు కిలోవాట్ల సౌరఫలకములకు 78,000 రూపాయల రాయితీ నిర్ణయింపబడినది. కుప్పము నియోజకవర్గమున ఇంటింటికి సౌరవిద్యుత్తు కల్పించు ప్రయత్నము 2025లో మొదలైనది. మూడు కిలోవాట్లు దినమునకు సుమారు 12 యూనిట్లు, నెలకు 360 యూనిట్లు ఇచ్చును. మన లెక్కలోని ఇంటికిని కారునకును కలిపి వలసినది 350. పగలు పుట్టిన విద్యుత్తు రాత్రి బండికి వాడుటకు నెట్ మీటరు ఉండవలెను. కావున కారు కొనదలచినవారు ముందు కప్పుమీద ఫలకములు, తరువాత వాకిట బండి యను వరుసను పాటించుట మంచిది. కారు వద్దనుకొన్నను ఫలకములు వ్యర్థము కావు.

8. ఎప్పుడు మార్చవలెను?

పాత బండి మరమ్మతులు ఏటేట పెరిగి అమ్మక తప్పని స్థితికి వచ్చినపుడు మార్చుడు. బాగున్న బండి నమ్మి మార్చవలదు. దినమునకు 50 కిలోమీటర్లకు పైగా తిరుగువారు ముందు మారవచ్చును. మదనపల్లెలోగాని తిరుపతిలోగాని ఆ కంపెనీ మరమ్మతుశాల యున్నదో లేదో మీరే పోయి చూచి రండు.

ముందుగా చిన్నదానితో మొదలిడుటయు నొక మంచి మార్గము. పెట్రోలు స్కూటరునకు కిలోమీటరుకు రెండు రూపాయలకు పైగా అగును. విద్యుత్ స్కూటరునకు పావలా. మూడు యూనిట్ల బ్యాటరీ చాలును, మామూలు సాకెట్టు చాలును. పాలకేంద్రమునకు, పొలమునకు, బజారునకు తిరుగు ఇల్లు దీనితో చాలవఱకు గడచును. రెండేండ్లు స్కూటరు నడపిన కుటుంబమునకు కారు విషయమున ఇతరుల సలహా అక్కరలేదు.

9. సంఘము చేయదగినది

పై లెక్కలనుండి తేలినది ఒక్కటే. నిలిచియున్న విద్యుత్ బండి అప్పు. తిరుగు విద్యుత్ బండి ఆదాయము. ఒక్క రైతు ఇంట బండి దినమున ఇరువది మూడు గంటలు నిలిచియుండును. పదిమంది సభ్యులు కలిసి ఒక విద్యుత్ సరకు ఆటో ఉంచుకొన్నచో అది దినమెల్ల తిరుగును. ఇట్టి ఆటో సుమారు 500 కిలోలు మోయును; 25 కిలోల టమోటా పెట్టెలు ఇరువది. డీజిలుకంటె కిలోమీటరుకు రెండు రూపాయలు మిగిలిన ననుకొన్నను, ఏటికి 18,000 కిలోమీటర్లకు 36,000 సంఘమునకు మిగులును. కుప్పము ప్రాంతమున గ్రామీణ విద్యుత్ సహకార సంఘము ఇంటింటికి కరెంటు పంచినది. తీగెలు, స్తంభములు సహకారముతో నడపగలిగిన రైతులకు ఒక ఆటో నడపుట అసాధ్యము కాదు.

సంఘ సమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు

(1) గత మూడు నెలలలో మీ బండి తిరిగిన కిలోమీటర్లెన్ని? మీటరు చూచి వ్రాయుడు, అంచనా పనికిరాదు.
(2) మీ ఇంటి కరెంటు వాడుక నెలకెన్ని యూనిట్లు? 250 కలిపిన బిల్లెంత యగును?
(3) గత మూడు పంటలలో చెడ్డపంట యేది? ఆ యేడు వాయిదా ఎట్లు కట్టియుందురు?
(4) మీ ఇంటి ఎర్తును కడపటిసారి ఎప్పుడు పరీక్షించితిరి?
(5) సరకు ఆటోలో చేరుటకు మీ యూర ఎందరు సిద్ధముగా నున్నారు?

ఈ అయిదింటికి జవాబులు వ్రాసిన కాగితము జేబులో నుంచుకొని పిదప కార్ల అంగడిలో అడుగుపెట్టుడు.