పాత కారు – కొత్త బ్యాటరీ

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యజీవితంలో ఎదురయ్యే చిన్న పనిని సైతం కార్యకారణ వివేకంతో నిర్వహించాలని తెలియజేయడం, వాడి పారవేసే వస్తువు పట్ల పౌరుని బాధ్యతను గుర్తుచేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ప్రకాశం పశ్చిమ ప్రాంతంలోని దొనకొండ గుంటూరు–గుంతకల్లు రైలుమార్గంలో ఒక స్టేషను. బ్రిటిష్ పాలనాకాలంలో నిర్మించిన విమానక్షేత్రం కూడ అక్కడ ఉంది. అయినా, అర్ధరాత్రి వేళ ప్రసవవేదన పడుతున్న స్త్రీని మార్కాపురం ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినప్పుడు రైలు కోసం వేచి ఉండడం సాధ్యం కాదు. ఇంటి ముందున్న పాత కారే ఆ క్షణంలో దిక్కు కావచ్చు. తాళంచెవి తిప్పినప్పుడు ‘టిక్కు’మన్న చప్పుడు తప్ప ఇంజను కదలకపోతే ఆ ఇంటివారి ఆందోళన వర్ణనాతీతం. అంతటి ఆందోళనకు కారణం తరచుగా ఒక చిన్న పెట్టె. అదే బ్యాటరీ.

సీసం అనగానే తెలుగు విద్యార్థికి పద్యం గుర్తుకు వస్తుంది. బ్యాటరీకి ప్రాణం పోసేది మాత్రం సీసమనే లోహం. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే సీసపు పలకలను గంధకామ్లంలో ముంచి, మరల మరల విద్యుత్తు నింపుకోగల బ్యాటరీని రూపొందించాడు. తొలినాటి కార్లలో ఇంజనుకు ఇనుప హ్యాండిల్ తగిలించి చేతితో తిప్పవలసి వచ్చేది. అది వెనుకకు తన్నితే చేతులు విరిగేవి. చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కారులో అమరడంతో ఆ బాధ తొలగింది. నాటినుండి బ్యాటరీ కారులో విడదీయరాని భాగమైంది.

మార్కాపురం పలకలపై ఎన్నో తరాల పిల్లలు అక్షరాలు దిద్దారు. బ్యాటరీలోని పలకలు అక్షరాలకు బదులు విద్యుత్తును దాచుకుంటాయి. కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టులనిస్తుంది. కనుక పూర్తిగా నిండిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను ఆపి కొంతసేపు ఉంచిన తరువాత కొలిచినపుడు 12 వోల్టులకు దిగజారితే అది దాదాపు ఖాళీ అయినట్లే.

అంతమాత్రాన కొత్త బ్యాటరీ కొనడం వివేకం కాదు. తీగల బిగింపు వదులైనా, వాటిపై తెల్లని పొడి పేరుకున్నా ఇంజను కదలదు. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ వద్ద సుమారు 14 వోల్టులు రావాలి. రాకపోతే లోపం విద్యుత్తును నింపే యంత్రంలో ఉండవచ్చు. ఆ లోపాన్ని సరిచేయకుండా కొత్త బ్యాటరీ పెడితే అదీ కొద్దిరోజులలోనే నీరసిస్తుంది. రోగమెరిగి మందు వేయడమంటే ఇదే.

అంబాసిడర్, మారుతి 800 కార్ల తయారీ 2014లో నిలిచిపోయింది. ఇటువంటి పాత కార్లకు విపణిలో విడిగా లభించే బ్యాటరీలలోనుండి తగినదానిని ఎన్నుకోవాలి. గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి సమీపంలోని కరకంబాడి కేంద్రంగా ఎదిగి, 2000లో అమరాన్ పేరుతో కారు బ్యాటరీలను విపణిలోకి తెచ్చింది. ఏ సంస్థది కొన్నా పొడవు, వెడల్పు, ఎత్తు, ఆంపియర్–గంటల సామర్థ్యం, ధ్రువాలు ఏ వైపున ఉన్నాయన్నది పాతదానితో సరిచూడాలి. ధ్రువాలు తారుమారైతే తీగ అందదు. బలవంతంగా లాగి బిగిస్తే ప్రమాదం.

బ్యాటరీని తీసేటప్పుడు ముందుగా ఋణధ్రువపు తీగను, తరువాత ధనధ్రువపు తీగను విప్పాలి. అమర్చేటప్పుడు ఈ క్రమం తిరగబడుతుంది. దీనికి కారణముంది. కారు లోహదేహం ఋణధ్రువంతో కలిసి ఉంటుంది. ఆ తీగ ఉండగానే ధనధ్రువాన్ని విప్పబోతే, చేతిలోని పానా కారు దేహానికి తగిలిన మరుక్షణం నిప్పురవ్వలు ఎగసిపడతాయి. బ్యాటరీ నుండి వెలువడే హైడ్రోజన్ వాయువు అంటుకొని పేలవచ్చు. పూర్వకాలపు బ్రిటిష్ కార్లు కొన్నింటిలో ధనధ్రువమే దేహంతో కలిసి ఉండేది. అక్కడ నియమం మారుతుంది. దేహంతో కలిసిన ధ్రువాన్ని ముందు విప్పి, చివర బిగించాలన్నదే అసలు సూత్రం. క్రమాన్ని కంఠస్థం చేసినవాడు అక్కడ పొరపడతాడు. కారణం తెలిసినవాడు పొరపడడు.

పనికి ముందు ఉంగరాన్ని, గడియారాన్ని తీసివేయాలి. సమీపంలో బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. బ్యాటరీని ఒరగకుండా ఎత్తాలి. ఆమ్లం ఒంటిపై పడితే వెంటనే ధారాళంగా నీటితో కడగాలి. తెల్లని పొడిని వంటసోడా కలిపిన నీటితో శుభ్రపరచి, తుడిచి ఆరనివ్వాలి. కొత్త బ్యాటరీ కదలకుండా పట్టీ బిగించాలి. నీరు పోయవలసిన రకమైతే స్వేదనజలమే పోయాలి. ఫ్లోరైడ్, లవణాలు కలిసిన ఈ ప్రాంతపు బోరునీరు మనుషుల ఎముకలను పీడించినట్లే పలకల ఆయుష్షునూ హరిస్తుంది. మండువేసవిలో నీరు త్వరగా ఇంకిపోతుంది గనుక అప్పుడప్పుడు చూస్తుండాలి.

కొత్త బ్యాటరీ అమరడంతో పని ముగిసిందనుకోవడం పొరపాటు. మిగిలిన పాత బ్యాటరీలో సీసం, ఆమ్లం ఉన్నాయి. దానిని ఇళ్లమధ్య పగులగొట్టి కరిగిస్తే సీసపు ధూళి నేలలో, గాలిలో కలుస్తుంది. అది పిల్లల దేహాలలో చేరి వారి మేధాశక్తిని దెబ్బతీస్తుంది. వాడిన బ్యాటరీని విక్రేతకు తిరిగి అప్పగించాలని 2001 నాటి నిబంధనలే నిర్దేశించాయి. వాటి స్థానంలో వచ్చిన 2022 నిబంధనలు సేకరణ, పునర్వినియోగాల భారాన్ని ఉత్పత్తిదారులపై మోపాయి. విక్రేతకు అప్పగిస్తే ధరలో కొంత తగ్గింపు సైతం లభిస్తుంది.

ఒక తల్లిని వేళకు ఆసుపత్రికి చేర్చిన కారు, తన పాత బ్యాటరీతో మరొక తల్లి బిడ్డకు కీడు చేయకూడదు. కొత్తదానిని సరిగా బిగించడం నేర్పు. పాతదానిని సరియైన చోటికి చేర్చడం ధర్మం.

కఠిన పదాలకు అర్థాలు

వర్ణనాతీతం = వర్ణించుటకు వీలులేనిది
గంధకామ్లం = సల్ఫ్యూరిక్ ఆమ్లం
విపణి = అంగడి, మార్కెట్టు
పానా = మరలు విప్పే పనిముట్టు
స్వేదనజలం = ఆవిరిని చల్లార్చగా లభించిన శుద్ధజలం

ప్రశ్నలు

1. బ్యాటరీని మార్చే విధానాన్ని, అందులోని జాగ్రత్తలను కారణసహితంగా వివరించండి.
2. కొత్త బ్యాటరీ కొనడానికి ముందు పరీక్షించవలసిన అంశాలేవి?
3. “కారణం తెలిసినవాడు పొరపడడు” – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.